శాంతక్క మనవిలోని ఇల్లు

ప్రిస్కిల్లాకి కుళ్ళు ఎప్పుడు పుట్టిందో తేదీతో సహా చెప్పవచ్చు. ఆవిడ పుట్టడానికి ఎనిమిది నెలల ముందు, వాళ్ళ పెద్దమ్మకి శాంతి పుట్టిన రోజున. ఆ ఎనిమిది నెలల పెద్దరికానికి ప్రిస్కిల్లా మాటలు వచ్చినప్పటి నుంచీ శాంతిని 'అక్కా' అని పిలవాల్సి వచ్చింది. పిలవకపోతే వాళ్ళమ్మ వీపు మీద ఒకటి వేసేది. రాజాంలో రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. అటువైపు జరిగిన మంచి అంతా ఇటువైపు వినిపించేది.

ఆదివారం బడిలో శాంతి పాడుతుంటే టీచరమ్మ ఫ్యాను ఆపించి మరీ వినేది. ప్రిస్కిల్లాదీ మంచి గొంతే, కాని ఆవిడ వంతు వచ్చేసరికి ఎవరో ఒకరు ఉక్కపోస్తోందని ఫ్యాను వేసేసేవారు. క్రిస్మస్ నాటికలో శాంతి మరియమ్మ, ప్రిస్కిల్లా మూడో గొర్రెల కాపరి. పదో తరగతిలో శాంతికి ఫస్టు క్లాసు వచ్చింది. ప్రిస్కిల్లాకీ ఫస్టు క్లాసే, నాలుగు మార్కులు తక్కువ. ఇరవై ఏళ్ళు దాటినా ఆ నాలుగు మార్కులూ ఆవిడ గొంతులో చేపముల్లులా అడ్డం పడే ఉన్నాయి.

పెళ్ళిళ్ళ దగ్గరా అంతే. శాంతికి రాబర్ట్ దొరికాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. గొంతు పెంచి మాట్లాడడు, నలుగురూ చూస్తున్నా వంగి పెళ్ళాం చీర కుచ్చిళ్ళు సర్దుతాడు. ప్రిస్కిల్లాకి మేనమామ కొడుకు పాల్‌ని ఇచ్చారు. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మంచివాడని ఎవరైనా అంటే ప్రిస్కిల్లా కాదనదు. కాని కుచ్చిళ్ళ సంగతి వేరు.

అలాగని ఆవిడ చెడ్డమనిషని అనుకుంటే పొరపాటే. శాంతికి రెండో కాన్పు కష్టమైనప్పుడు ఆసుపత్రిలో వారం రోజులు పక్కనే కూర్చున్నది ప్రిస్కిల్లాయే. గంజి కాచి పట్టుకెళ్ళింది, బట్టలు ఉతికింది, కన్నీళ్ళు కూడా పెట్టుకుంది. శాంతి కష్టంలో ఉంటే ఆవిడకి ప్రేమ ధారాళంగా పుట్టుకొచ్చేది. సుఖంగా ఉంటేనే చిక్కు.

ఆ చిక్కు ముదిరింది మొన్న ఎండాకాలంలో. ఇరిగేషన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా ఉన్న ప్రిస్కిల్లాకి రాజాం నుంచి విజయనగరం బదిలీ అయింది. జిల్లా కేంద్రం, పెద్ద ఊరు, పెద్ద స్కూళ్ళు. శాంతి కంటే ముందు తను ఒక మెట్టు ఎక్కడం అదే మొదటిసారి. ఆఫీసులో స్వీట్లు పంచింది, వీధిలో పంచింది, శాంతి ఇంటికి మాత్రం రెండు ముక్కలు ఎక్కువే పంపింది. ఆ సంతోషం తొమ్మిది రోజులు నిలిచింది. పదో రోజున రాబర్ట్‌ని కూడా విజయనగరం డిపోకి వేశారు.

"మంచిదే కదే, అందరం ఒక్క దగ్గరే ఉంటాం" అన్నాడు పాల్.

"నువ్వూరుకో బావా. అది నక్క తోక తొక్కి పుట్టింది" అంది ప్రిస్కిల్లా.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మహానుభావుడు కొత్త ఊళ్ళో అద్దె ఇల్లు వెతికి ఉండడు. వెతికి ఉంటే సామెతలో మూడోది చేర్చేవాడు. అప్పటికప్పుడు దొరికిందని గంటస్తంభం దగ్గర, ఒక గిన్నెల కొట్టు పైన రెండు గదుల్లో దిగారు. కింద పొద్దుటి నుంచి ఆటోల హారన్లు, స్టీలు గిన్నెల చప్పుడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కెజియాకి ఎనిమిదేళ్ళు. రాజాంలో చర్చి ఆవరణంతా సైకిలు తొక్కి మోకాళ్ళు దోక్కుని తిరిగిన పిల్ల. ఇక్కడ ఆ సైకిలుని మెట్ల కమ్మీకి గొలుసుతో కట్టేశారు. పిల్ల దిగితే ఆటో కింద పడుతుందని భయం, దిగకపోతే ఫోను పట్టుకుని మూల కూర్చుంటోందని బాధ. నెల తిరిగేసరికి కెజియా అడగడం కూడా మానేసింది. అడగడం మానేసిన పిల్లని చూస్తే ప్రిస్కిల్లాకి అన్నం దిగేది కాదు.

అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం స్కూటరెక్కి ఊరి చివర కాలనీలన్నీ గాలించేవారు. ఒకచోట ఇల్లు బాగుంటే ఇంటి ముందే మూత లేని కాలువ. ఒకచోట వీధి బాగుంటే బడికి రెండు ఆటోలు మారాలి. ఒక అపార్టుమెంటులో పిల్లలు కింద ఆడరాదని లిఫ్టు పక్కనే బోర్డు కట్టారు. అన్నీ కుదిరిన చోట మరో తిరకాసు. పేరు అడిగే దాకా ఇల్లు ఖాళీగానే ఉండేది. 'ప్రిస్కిల్లా, పాల్' అని చెప్పగానే ఇంటివాళ్ళకి తమ్ముడు కువైట్ నుంచి సంసారంతో వచ్చేస్తున్నాడని జ్ఞాపకం వచ్చేది.

"తమ్ముళ్ళందరూ ఒకేపాలి వచ్చేస్తన్నారేటే, ఇమానాలు సాల్తాయా?" అనేవాడు పాల్, స్కూటరు తిప్పుతూ.

శాంతి వాళ్ళు డిపోలో ఎవరిదో షెడ్డు లాంటి గదిలో సామాను పెట్టుకుని వాళ్ళూ వెతుకుతున్నారు. ఆ సంగతి ప్రిస్కిల్లాకి కాస్త ఊరట. ఏ ఆదివారానికి ఆ ఆదివారం చర్చిలో శాంతి మొహం చూసి, ఇంకా దొరకలేదని తెలుసుకుని, అప్పుడు పాటల పుస్తకం తెరిచేది.

కొత్త చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద ఎలీసమ్మగారు. రిటైరైన నర్సు, మాటంటే మాటే. ఆ సమాజంలో ఒక పద్ధతి ఉంది. మూడు నెలలకోసారి పేర్లు చీటీల మీద రాసి, ఇద్దరిద్దరిని జోడీ కడతారు. ప్రతి వారం ఒకరి మనవి ఒకరికి చెప్పుకోవాలి. విన్నవాళ్ళు ఆ మనవి తమదే అన్నట్టు వారమంతా ప్రార్థించాలి. మూడో చెవిన వెయ్యకూడదు. జూన్ చీటీల్లో ప్రిస్కిల్లాకి ఎవరు వచ్చి ఉంటారో చెప్పనక్కర్లేదు.

మొదటి మూడు వారాలూ ఇద్దరి మనవీ ఒకటే, ఇల్లు. నాలుగో ఆదివారం ఆరాధన అయ్యాక శాంతి ఆవిడ చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళింది. మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూడగానే ప్రిస్కిల్లాకి సంగతి అర్థమైపోయింది.

"దొరికినట్టే ఉన్నాదే" అంది శాంతి. "ధర్మపురి రోడ్డు మీద ఉద్యోగుల కాలనీ లేదేటి, అందులో మూడో వీధి. గణపతిరావు మేష్టారని, రిటైరైపోయారు. ఆళ్ళు పైన ఉంటారు, కింద పోర్షను కాళీ. పేరు సెప్పినా ఏటీ అనలేదే. పిల్లలున్నారా, ఉంటే రండి, ఈధి సందడిగుంటాది అన్నాది ఆళ్ళావిడ. బడి నాలుగడుగులు."

"మరి అడ్వాన్సు ఇచ్చేసావా?"

"లేదు. బుధవారం దాకా ప్రార్థించి, దేవుడి సిత్తమైతే బుధవారం సాయంత్రం ఎల్లి ఇద్దుమని మీ బావ, నాను అనుకున్నాం. ఆ మేష్టారికీ అదే సెప్పి వొచ్చాను. ఈ మూడు రోజులూ నా మనవి ఇదే. నువ్వు కూడా ప్రార్థనలో గట్టిగా పట్టుకోవే."

పట్టుకుంటానంది ప్రిస్కిల్లా. ఆ మాట నిలబెట్టుకుంది కూడా, తనదైన పద్ధతిలో.

దేనికోసం ప్రార్థిస్తున్నామో చూడకపోతే ఎలాగని ఆ సాయంత్రమే పాల్‌తో కూడా చెప్పకుండా ఆటో ఎక్కి మూడో వీధికి వెళ్ళింది. చూడకుండా ఉంటే బాగుండేది. వీధి వెడల్పుగా ఉంది, కాలువలకి మూతలున్నాయి. వీధి చివర మూసుకుపోయి ఉండటంతో బళ్ళ రాకపోకలు లేవు. పదిమంది పిల్లలు ఒకే సైకిలుని వంతుల వారీగా తొక్కుతున్నారు. గేట్ల దగ్గర ఆడవాళ్ళు కుర్చీలు వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తూ మధ్య మధ్య పిల్లల్ని కేకలేస్తున్నారు. ఒక పెద్దావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఎవరి పిల్లలని చూడకుండా అందరికీ తాగిస్తోంది.

ప్రిస్కిల్లా ఆ వీధి మొదట్లో నిలబడి చాలాసేపు చూసింది. కెజియాకి సరిగ్గా ఇలాంటి వీధే కావాలి. నెల్లాళ్ళుగా స్కూటరు మీద ఎండలో తిరిగింది తను. పేరు చెప్పి మొహం ముడుచుకున్నది తను. దొరికింది మాత్రం శాంతికి. ఇంతా చేసి అది ఏం చేసింది, ఇంటి తాళం దేవుడి చేతిలో పెట్టి మూడు రోజులు కూర్చుంటానంది. ఏ వస్తువూ చేజారిపోని వాళ్ళకే అంత నిదానం ఉంటుంది. ఆ నిదానం చూసే ప్రిస్కిల్లాకి ఒళ్ళు మండింది.

సోమవారం ఆఫీసులో గంట పర్మిషన్ పెట్టి వెళ్ళి గేటు తట్టింది. నీళ్ళు తాగించిన పెద్దావిడే తలుపు తీసింది. మేష్టారి భార్య, పేరు తాయారు.

"మొన్న ఒకమ్మాయి సూసి ఎల్లింది తల్లీ. బుధవారం వత్తానన్నాది. ఆయమ్మికి మాటిచ్చినట్టే" అందావిడ.

ప్రిస్కిల్లా ఒక్క క్షణం ఆగింది. "ఆవిడ మా అక్కేనండి" అంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ కొట్టకుండా, తిట్టకుండా ఆ మాట అనడం అదే మొదటిసారి.

"అక్కా?"

"మా పెద్దమ్మ కూతురండి. ఇల్లు నాకే ఎక్కువ అవసరం. పిల్ల గదిలో ఉండిపోతన్నాది."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఎంత వెతికినా దొరకదు. అలాంటి నిజాలకే నోరు ఎండిపోతుంది.

తాయారమ్మ మొహం విప్పారింది. "ఆయమ్మి సెల్లెలివా? ఆ మాట ముందే సెప్పొద్దేటి. ఎంత నెమ్మదైన మనిషో. అక్కసెల్లెళ్ళు మీరూ మీరూ అనుకున్నారు గావాల. అలాగైతే ఇంకేటున్నాది, పాలు పొంగించుకోండి."

అడ్వాన్సు ఇచ్చి బయటికి వచ్చాక ప్రిస్కిల్లాకి ఒక్కటే తోచింది. ఆఖరికి ఈ ఇల్లు కూడా శాంతి మొహం చూసే ఇచ్చారు.

పాల్‌కి టులెట్ బోర్డు చూసి కనుక్కున్నానని చెప్పింది. అతను ఆ సాయంత్రమే మెట్ల కమ్మీకున్న గొలుసు విప్పాడు. కెజియా సైకిలు టైర్లు నొక్కి చూసుకుంటుంటే ప్రిస్కిల్లా చేసింది తప్పు కాదనిపించింది. అలా అనిపించడం రాత్రి భోజనాల దాకా నిలిచింది.

బుధవారం సాయంత్రం ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంది. శాంతి అరుస్తుంది, ఏడుస్తుంది, 'ఎంత పని సేసావే' అంటుంది. దానికి జవాబులన్నీ వరసగా సిద్ధం చేసుకుంది. నీకు నీడ లేదేటి, నీ పిల్లలు కూడా గదిలోనే ఉన్నారేటి, ముందు డబ్బిచ్చినోళ్ళది కదా. శాంతి పిల్లలు కూడా ఒక్క గదిలోనే ఉన్నారని సగంలో జ్ఞాపకం వచ్చి ఆ జవాబు తీసేసింది. ఫోను మోగలేదు. గురువారం కూడా మోగలేదు.

ఆదివారం చర్చి గేటు దగ్గర శాంతే ఎదురొచ్చింది. "ఇల్లు కుదిరిందంట కదే. తాయారమ్మగారు సెప్పారు" అంది. "మంచిది. కెజియాకి బాగుంటాది." అంతే. చీర కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు పాటలో కూడా గొంతు ఎక్కడా తడబడలేదు.

అప్పుడు మొదలైంది అసలు మంట. ఇల్లు పోతే ఏడవాలి కదా మనిషన్నాక. ఏడిస్తే తను ఓదార్చేది. తిడితే తను తిరిగి తిట్టేది. ముప్పయ్యారేళ్ళలో మొట్టమొదటిసారి శాంతి కళ్ళు తన చేతిలోని వస్తువు మీద పడి మండాలని ఆశపడింది ప్రిస్కిల్లా. ఆ మాట తనకి తాను ఒప్పుకుంది కూడా. కావలసింది ఇల్లొక్కటే కాదు, శాంతి కుళ్ళు కూడా కావాలి. మొదటిది చేతికొచ్చింది, రెండోది రాలేదు.

శాంతి వాళ్ళు చివరికి రైలు గేటు అవతల, బియ్యం మిల్లు వెనక రెండు గదులు తీసుకున్నారు. మేడమెట్లు నిలువుగా ఉంటాయట, ఊక ఎగిరి అన్నంలో పడుతుందట. ఆ కబురు వినగానే ఎప్పటిలా ప్రేమ పుట్టుకొస్తుందని ప్రిస్కిల్లా ఎదురుచూసింది. రాలేదు.

కొత్తింట్లో దిగిన మూడో శనివారం మధ్యాహ్నం కృతజ్ఞత కూటం పెట్టింది. స్త్రీల సమాజం అంతా రావాలని, ముఖ్యంగా శాంతి రావాలని. కిటికీలకి కొత్త పరదాలు కుట్టించింది. గదిలో కూర్చుంటే వీధి కనబడేలా కుర్చీలు వేయించింది. శాంతికి ఉంచిన కుర్చీ సరిగ్గా కిటికీకి ఎదురుగా. బయట కెజియా ఏడుగురు పిల్లల్ని వెంటేసుకుని గోలగోలగా సైకిలు తొక్కుతోంది.

శాంతి ఆలస్యంగా వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికి చాలాసేపు పట్టింది. కిటికీ ఎదురు కుర్చీ వదిలేసి, గోడ వారగా చాప మీద కూర్చుంది.

పాటలయ్యాక ఎలీసమ్మగారు కళ్ళద్దాలు తీసి, "ఇప్పుడు మన ప్రిస్కిల్లా సాక్ష్యం సెప్తాది. అందరికీ తలుపులు మూసుకుపోయిన ఊళ్ళో ఈ ఇల్లు దేవుడెలాగ సూపించాడో ఇందుము" అన్నారు.

ప్రిస్కిల్లా లేచింది. సాక్ష్యం చెప్పాలని ఆవిడకి తెలుసు. కూటం పెట్టినప్పుడు తెలుసు, చీర కట్టుకున్నప్పుడు తెలుసు. పరదాల మీద పెట్టిన శ్రద్ధ దాని మీద పెట్టలేదు, అంతే. "నెల్లాళ్ళు తిరిగాం అమ్మా" అని మొదలెట్టింది. కువైట్ తమ్ముళ్ళ సంగతి చెప్పింది, అందరూ నవ్వారు. పిల్ల గదిలో ముడుచుకున్న సంగతి చెప్పింది, ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. "ఆకరికి ఒక ఆదివారం... ఒక మాట ఇనపడింది" అంది. "ఆ మాట పట్టుకుని ఎల్లాను. ఇల్లు ఇచ్చేసారు."

"స్తోత్రం" అన్నారు అందరూ. దేవుడి స్వరమే అనుకున్నారు. ఎవరి గొంతో తెలిసిన మనిషి తను కాక ఆ గదిలో ఒక్కతే ఉంది. ఆ మనిషి ఒళ్ళో చేతులు పెట్టుకుని చాప అంచు వైపు చూస్తోంది. ప్రిస్కిల్లా కూర్చుంది.

"శాంతీ, నీ జోడీ కదా. ముగింపు ప్రార్థన నువ్వు సెయ్యి" అన్నారు ఎలీసమ్మగారు.

శాంతి మోకరించింది. ఈ ఇంటి గుమ్మాన్ని కాపాడమంది. పాల్ చేతి పనిని దీవించమంది. కెజియా సైకిలు తొక్కే వీధిని కాపాడమంది. అక్కడ ఆగిపోయింది. బయట పిల్లల అరుపులు వినబడుతున్నాయి. పరిశుద్ధాత్మ నడిపింపు కాబోలని ఆడవాళ్ళు తలలు మరింత వంచారు. ప్రిస్కిల్లా మాత్రం కళ్ళు తెరిచి చూసింది. శాంతి మెడ నరం ఒకటి కొట్టుకుంటోంది. కాసేపటికి గొంతు సవరించుకుని ఆమేన్ అంది.

అందరూ టిఫిన్లు తిని, టీ తాగి, ఇల్లు బాగుందని మూడేసి సార్లు చెప్పి వెళ్ళారు. శాంతి వెళ్ళలేదు. ఎవరింట్లో కూటం జరిగినా ఆఖరున గ్లాసులు కడిగేది ఆవిడే. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని పని మొదలెట్టింది. ప్రిస్కిల్లా వెళ్ళి పక్కన పీట వేసుకుంది. నాలుగు గ్లాసులు కడిగిందో లేదో ఇక పట్టలేకపోయింది.

"తిట్టవేటి?" అంది.

"తిడితే ఏటొస్తాది."

"నీకు కుళ్ళు రాదేటి? నా మీద ఒక్క పూటైనా కుళ్ళు రాదేటి?"

శాంతి గ్లాసు బోర్లించింది. "ఎందుకు రాదే? బుధవారం ఇక్కడికొచ్చి ఆవిడ సెప్పింది ఇని, ఆ ఈధి మొదట్లో నిలబడిపోయాను. మీ బావ అడిగితే కళ్ళల్లో దుమ్ము పడిందన్నాను. ఇప్పుడు పెద్ద మార్కెట్టుకెల్లాలంటే ఈ రోడ్డే దగ్గర, నాను సుట్టు తిరిగి ఎల్తన్నాను. మా పిల్లలు అన్నంలో ఊక ఏరుకుంటంటే నీ ముద్దు కూతురి సైకిలు బెల్లు నా సెవుల్లో మోగతాది. ఇందాక ప్రార్థనలో ఎందుకాగిపోయాననుకున్నావు? ఆ పిల్ల పడిపోవాలని ఒక్క రవ్వ అనిపించిందే. దేవుడి ముందర, కళ్ళు మూసుకుని, మోకాళ్ళ మీదుండి."

చెప్పి తల దించుకుంది. చేతుల మీంచి నీళ్ళు కారిపోతున్నాయి.

ప్రిస్కిల్లా జీవితమంతా కోరుకున్నది ఇదే. శాంతి తనని చూసి కుళ్ళాలి, మంటతో దారి మార్చుకుని నడవాలి. ఇదిగో, పీట మీద పక్కనే, అడిగినదానికి రెండింతలు దొరికింది. సంతోషం కోసం లోపలంతా వెతుక్కుంది. పడిపోతున్న కెజియా ఒక్కతే కనబడింది. అంత మాట అనుకునే దాకా అక్కని తీసుకొచ్చింది తనేనని తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

చాలాసేపు ఇద్దరూ గ్లాసులే కడిగారు. కడిగినవే మళ్ళీ కడిగారు. ఆఖరికి శాంతే చెంగుతో చేతులు తుడుచుకుంది.

"రేపు ఆదివారం. జోడీలింకా మార్చలేదు. నీ మనవేటో సెప్పు, ఎల్తాను."

"నీకు మంచి ఇల్లు దొరకాలని" అంది ప్రిస్కిల్లా గబుక్కున.

"అది నా మనవి. అదీ నువ్వే పట్టుకుపోతావేటి? నీది సెప్పు."

ప్రిస్కిల్లా చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"నాకీ కుళ్ళు పోవాలక్కా" అంది.

శాంతి లేచి కుళాయి కట్టేసింది. వీధిలోంచి కెజియా బెల్లు మోగింది. ఇద్దరూ ఒకేసారి అటు చూశారు.

"సరే" అంది శాంతి. "ఇద్దరికీ కలిపే సేస్తాన్లే."

ఆ మాటన్నాక గుమ్మం దాకా వెళ్ళి, తన చెప్పులు వేసుకుని, ఎప్పటిలాగే కెజియా సైకిలుకి దూరంగా చుట్టు తిరిగి ఇంటికి నడిచి వెళ్ళింది.